రక్షకుడి నుంచి బాధ్యుడి దాకా: తెలుగు సంస్కరణ సాహిత్యంలో పురుషుడు (1874–1930)

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో స్త్రీ సమస్య కేంద్రస్థానం పొందినంతగా పురుషుడి సమస్య పొందలేదు. బాల్యవివాహం, కన్యాశుల్కం, వైధవ్యం, వేశ్యావృత్తి అనే నాలుగు శీర్షికల కింద సంస్కరణోద్యమాన్ని వివరించడం పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన పద్ధతి. ఈ నాలుగూ స్త్రీలకు సంభవించిన దురవస్థలుగానే అందులో కనిపిస్తాయి. అయితే కన్యను అమ్మినవాడు, కొన్నవాడు, వితంతువు తల గొరిగించినవాడు, భోగం మేళాన్ని పోషించినవాడు ఎవరన్న ప్రశ్న వేసినప్పుడు అదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది. దురాచారం అనే మాటకు కర్త ఉండడు. హింస అన్నప్పుడు మాత్రం కర్తను చెప్పక తప్పదు.

1874లో వివేకవర్ధని పత్రిక వెలువడింది. 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చింది. ఈ రెంటి మధ్యకాలంలో తెలుగు రచన పురుషుడికి కల్పించిన స్థానం ఎలా మారిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మొదట అతడు రక్షకుడు, తరువాత వ్రతధారి, ఆపైన నిందితుడు. రక్షకుడి నుంచి బాధ్యుడి దాకా సాగిన ఈ ప్రయాణమే సంస్కరణ సాహిత్యం సాధించిన ముఖ్యమైన విజయమనీ, అయినా దిద్దే శ్రమను అది చివరివరకూ స్త్రీ మీదనే ఉంచిందనీ ఇక్కడ ప్రతిపాదన.

రక్షకుడు

కందుకూరి వీరేశలింగం (1848–1919) కృషి గొప్పతనం వివాదాస్పదం కాదు. వివేకవర్ధని స్థాపించిన 1874లోనే ఆయన ధవళేశ్వరంలో బాలికా పాఠశాల ప్రారంభించాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో గోగులపాటి శ్రీరాములుకు, బాలవితంతువైన గౌరమ్మకు వివాహం జరిపించాడు. 1856 నాటి చట్టం వితంతు వివాహాన్ని న్యాయబద్ధం చేసి పాతికేళ్లు గడిచినా, గోదావరి తీరంలో ఆ చట్టానికి ఒక పెళ్లిపందిరి దొరకడానికి అంతకాలం పట్టింది. చట్టం చేయడం ఒక ఎత్తు, దానిని అనుసరించే పురుషుణ్ణి సిద్ధం చేయడం మరొక ఎత్తు అని ఈ పాతికేళ్ల వ్యవధి తెలుపుతుంది.

ఈ వివాహాలకు వచ్చిన ప్రతిఘటనలో పురుషుల ప్రవర్తన ప్రత్యేకంగా పరిశీలించదగినది. సభలలో సమర్థించిన వారిలో పలువురు బహిష్కరణ భయం ఎదురైనప్పుడు ప్రాయశ్చిత్తం చేసుకొని వెనుదిరిగారు. వంటవారు, నీళ్లు మోసేవారు ఇంటికి రావడం మానినప్పుడు రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వంట చేసింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. ఉద్యమానికి తర్కాన్ని పురుషుడు సమకూర్చగా, నిత్యజీవితంలో దానికి చెల్లించవలసిన మూల్యంలో పెద్ద భాగం స్త్రీ శరీరశ్రమగా చెల్లింది. సాహిత్య చరిత్రలు రాజ్యలక్ష్మమ్మను సహధర్మచారిణిగా కీర్తించాయి. ఆ కీర్తన వెనుక ఉన్న శ్రమ విభజనను మాత్రం అంతగా చర్చించలేదు.

వీరేశలింగం ప్రహసనాలు, వ్యాసాలు పురుషుణ్ణి తీవ్రంగానే పరిహసించాయి. బ్రాహ్మవివాహం ప్రహసనంలో పసిపిల్లను పెళ్లాడబోయే వృద్ధుడు హాస్యానికి గురి అవుతాడు. అయితే ఆ హాస్యం ఎక్కువగా మూఢుడి మీద, లోభి మీద, లంచగొండి మీద ప్రయోగింపబడింది. చదువుకున్న సంస్కారవంతుడు పరిహాసానికి వెలుపల, తీర్పరి స్థానంలో నిలబడి ఉంటాడు. పాఠకుడు సహజంగా ఆ తీర్పరితోనే తాదాత్మ్యం చెందుతాడు. తాను వృద్ధవరుడు కాదు, లంచగొండి ప్లీడరు కాదు కనుక తన ఇల్లు పరీక్షకు అతీతమని భావించే వెసులుబాటు అతడికి దక్కింది. రక్షక భావనకు ఉన్న ముఖ్యమైన పరిమితి ఇదే.

వ్రతధారి

1890ల ప్రారంభంలో మద్రాసు రాష్ట్రంలో నాచ్ వ్యతిరేకోద్యమం బలపడింది. ఆంధ్రదేశంలో దానికి నైతిక నాయకత్వం వహించినవాడు రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939). మచిలీపట్నంలోనూ కాకినాడలోనూ ఆయన విద్యార్థులపై చూపిన ప్రభావం గాఢమైనది. ఈ ఉద్యమంలో ఒక నూతనాంశం ఉంది. అది పురుషుణ్ణి నేరుగా సంబోధించింది. భోగం మేళం పెట్టించే పెళ్లికి వెళ్లవద్దు, ఆ సభలో కూర్చోవద్దు అని యువకుడికి చెప్పింది. స్త్రీని ఉద్ధరించడం కంటె ముందు నీ నడవడి మార్చుకో అన్న ఆదేశం రక్షక దశకు మించిన ముందడుగు.

కాని ఈ వ్రతం కాపాడదలచినది ప్రధానంగా వ్రతధారి శీలాన్ని. కళావంతుల స్త్రీ అతడి దృష్టిలో మనిషిగా కంటె ప్రలోభంగా కనిపించింది. ఆమెను ఆ వృత్తిలో నిలిపిన భూస్వామ్య పోషణ, ఆలయ మాన్యాలు, రసికుల ధనం విచారణకు వచ్చినదానికంటె ఆమె ఉనికియే దోషంగా విచారణకు వచ్చింది. ముప్పై ఏళ్ల తరువాత, 1927లో మద్రాసు శాసనమండలిలో దేవదాసీ అంకితాన్ని నిషేధించాలని డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి తీర్మానం ప్రతిపాదించింది. దేవదాసీ తల్లికి పుట్టిన ఆమె ఆ ప్రశ్నను శీలం నుంచి హక్కు వైపు మళ్లించడానికి ప్రయత్నించింది. తెలుగు ప్రాంతంలో యామినీ పూర్ణతిలకం ఆ వర్గం లోపలి నుంచే ఈ కృషి సాగించింది. 1947 నాటి మద్రాసు చట్టం అంకితాన్నీ, ఆలయాలలో స్త్రీల నాట్యాన్నీ నిషేధించింది. ఈ సుదీర్ఘ చర్చలో నాట్యం చేసిన స్త్రీ సమస్యగా నిలిచినంతగా, చూసి పోషించిన పురుషుడు సమస్యగా నిలవలేదు.

నిందితుడు

ఈ నేపథ్యంలో గురజాడ అప్పారావు (1862–1915) కన్యాశుల్కం నాటకాన్ని చదివితే దాని చారిత్రక ప్రాధాన్యం స్పష్టపడుతుంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సమూలంగా తిరగరాయబడిన ఈ నాటకానికి మూలం ఒక లెక్క. విజయనగర సంస్థానాధీశుడు ఆనందగజపతి విశాఖపట్నం మండలంలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. అందులో నమోదైనవి 1034 వివాహాలు, అంటే ఏడాదికి సగటున 344. వధువులలో 99 మంది అయిదేళ్లవారు, 44 మంది నాలుగేళ్లవారు, 36 మంది మూడేళ్లవారు, ఆరుగురు రెండేళ్లవారు, ముగ్గురు ఏడాది పిల్లలు. ఈ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. శుల్కం తీసుకున్నట్టు ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కనుక జాబితా అసంపూర్ణమని కూడా గురజాడ తొలి ముద్రణ పీఠికలో తెలియజేశాడు.

జాబితాలో వయస్సులు, వెలలు పిల్లలవి. నాటకం ఆ పట్టికను తిరగేసి, అమ్మిన తండ్రికీ కొన్న వరుడికీ పేర్లు పెట్టింది. అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు అన్న పేర్లలోనే కోపం, లోభం కనిపిస్తాయి. అయితే గురజాడ అక్కడితో ఆగితే నాటకం బ్రాహ్మవివాహం ప్రహసనానికి విస్తృతరూపం మాత్రమే అయి ఉండేది. ఆయన సంస్కర్తను కూడా బోనులో నిలబెట్టాడు.

గిరీశం పాత్ర నిర్మాణాన్ని ఈ దృష్టితో చూడాలి. వితంతు వివాహం మీద ఉపన్యసించగల అతడు పూటకూళ్లమ్మ అనే వితంతువు ఆశ్రయంలో బతికి ఆమెను మోసగించినవాడు. సంస్కరణ భాష అతడికి బుచ్చమ్మను లోబరచుకొనే సాధనమయింది. వీరేశలింగం పాతికేళ్లు శ్రమించి నిర్మించిన వాదాలు ఒక వంచకుడి నోట అక్షరం పొల్లుపోకుండా పలకగలగడం ఆ వాదాల తప్పు కాదు. పురుషుడు చెప్పే మాటను బట్టి కాక, అతడి ఆధీనంలో ఉన్న స్త్రీ స్థితిని బట్టి సంస్కరణను కొలవాలన్న హెచ్చరిక అది.

మేనకోడలిని రక్షించబూనిన కరటకశాస్త్రి కూడా నిర్దోషి కాడు. అతడు మధురవాణికి పూర్వపోషకుడు. తన అక్క కుమార్తె అమ్మకం అతడికి అన్యాయంగా కనిపించింది. తాను వెల ఇచ్చి పొందిన స్త్రీ విషయంలో అదే ప్రశ్న అతడికి ఎదురుకాలేదు. ఆ రక్షణకు బుద్ధిబలం సమకూర్చినది కూడా మధురవాణియే. ఇంటిలో వెంకమ్మ పోరాటం మరొక రీతిది. భర్త పట్టుదలను మాటతో మార్చలేని ఆమె బావిలో దూకుతుంది. తల్లి ప్రాణానికి తెగించినా పెళ్లి ఏర్పాటు ఆగదు. గృహంలో పురుషుడి అధికారం ఎంత నిరంకుశమో చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అవసరం లేదు.

వ్రతధారి పురుషుడికి నాటకంలోని ప్రతినిధి సౌజన్యారావు పంతులు. సత్యనిష్ఠ, న్యాయదృష్టి ఉన్న అతడు వేశ్యను చూడరాదన్న నియమం కలవాడు. పురుషవేషంలో వచ్చిన మధురవాణి అతడికి కేసు రహస్యం చెప్పడానికి ఒక ముద్దు వెలగా అడుగుతుంది. అతడు తన నియమాన్ని సడలించడానికి సిద్ధపడిన క్షణంలో ఆమె ఆ వెలను తీసుకోకుండా అతడి వ్రతాన్ని నిలుపుతుంది. అతడు తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమాన్ని చివరికి కాపాడినది అతడు దూరంగా ఉంచిన స్త్రీయే. సౌజన్యారావు ఆమెకు భగవద్గీతను ఇస్తాడు, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. గురజాడ అతడిని అవహేళన చేయలేదు. అతడి మంచితనానికి ఉన్న హద్దును మాత్రం చూపించాడు.

దిద్దుబాటు ఎవరిది?

కథానికలో ఈ ప్రశ్న మరింత సూటిగా వచ్చింది. 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతి పత్రికలో అచ్చయిన గురజాడ కథ దిద్దుబాటు. కథానాయకుడు గోపాలరావు విద్యావంతుడు, సంస్కరణ గురించి మాట్లాడేవాడు. సభలకు వెళుతున్నానని ఇంట్లో చెప్పి రాత్రులు సాని పాటకు వెళతాడు. ఒక రాత్రి ఆలస్యంగా ఇంటికి వచ్చేసరికి భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. తన వల్ల అతడు అసత్యాలు పలకవలసి వస్తున్నదనీ, అందుకే పుట్టింటికి వెళుతున్నాననీ ఆ ఉత్తరం సారాంశం. గోపాలరావు కంగారుపడి నౌకరు రాముడి మీద చేయి చేసుకుంటాడు, పశ్చాత్తాపపడతాడు. అప్పుడు మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది.

కన్యాశుల్కంలో గిరీశం వంచకుడు కనుక అతడితో పాఠకుడికి దూరం పాటించే వీలుంది. గోపాలరావు దగ్గర ఆ వీలు లేదు. అతడు సామాన్యుడు, భార్యను చదివించినవాడు, ఆంధ్రభారతి చందాదారుడిని పోలినవాడు. సంస్కరణను ఉపన్యాసవేదిక నుంచి పడకగదికి తెచ్చిన తొలి రచనలలో ఈ కథ ఒకటి. సభ అనే మాటే ఇందులో అబద్ధమయింది.

తొలి తెలుగు కథానిక ఏది అన్న చర్చలో దిద్దుబాటుకు ఎదురుగా నిలిచే రచన బండారు అచ్చమాంబ (1874–1905) రాసిన ధనత్రయోదశి. ఇది 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడింది. సోదరుడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో చదువు నేర్చుకున్న అచ్చమాంబ, అదే 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. ధనత్రయోదశిలో పేదరికం వల్ల పరధనానికి ఆశపడిన భర్తను భార్య ధర్మమార్గానికి మళ్లిస్తుంది. ఏది తొలి కథ అన్న వివాదంలో పరిశోధకులు తేదీలను, ప్రక్రియా లక్షణాలను విస్తారంగా చర్చించారు. రెండు కథల ఇతివృత్తంలో ఉన్న సామ్యం అంతగా చర్చకు రాలేదు. ఎవరి పక్షం వహించినా తెలుగు కథానిక మొదటి వాక్యం ఒకటే: తప్పు చేసిన భర్త, దిద్దిన భార్య.

సామ్యంలో భేదమూ ఉంది. అచ్చమాంబ కథలో భార్య భర్తకు ఎదురుగా నిలిచి మాట్లాడుతుంది. ఆ నైతికాధికారం ఆమె సొంతం. గురజాడ కథలో కమలిని మాట ఉత్తరంలో ఉంది, ఆమె మంచం కింద ఉంది. ఉత్తరంలో చెప్పిన పని ఆమె నిజంగా చేసి ఉంటే, అంటే గడప దాటి వెళ్లి ఉంటే, గోపాలరావు దిద్దుకొనేవాడా? కథ ఈ ప్రశ్నను లేవనెత్తి నవ్వుతో ముగిస్తుంది. ఆ నవ్వు కథకు అందం ఇచ్చింది, గోపాలరావుకు విముక్తి ఇచ్చింది. అతడి పశ్చాత్తాపం ఒక గంటకు మించి పరీక్షకు నిలవవలసిన అవసరం కలగలేదు.

పుత్తడిబొమ్మ పూర్ణమ్మలో ఈ నవ్వుకు చోటు లేదు. వృద్ధుడికి అమ్ముడుపోయిన బాలిక ఆత్మహత్య చేసుకొంటుంది. దిద్దే అవకాశం లేని స్త్రీ ఏమవుతుందన్న ప్రశ్నకు ఇది గురజాడ స్వయంగా ఇచ్చిన సమాధానం. కమలిని, పూర్ణమ్మ ఒకే కవి ఊహలోని ఇద్దరు స్త్రీలు. చదువు, యౌవనం, భర్త ప్రేమ ఉన్న ఒకామె దిద్దగలిగింది. అవేవీ లేని పసిపిల్ల మరణించింది. కాబట్టి పురుషుడి దిద్దుబాటును స్త్రీ నేర్పు మీద ఆధారపరచడం సంస్కరణకు చాలదు.

చట్టం ఆగిన గడప

దిద్దుబాటును స్త్రీ నేర్పుకు విడిచిపెట్టరాదన్నప్పుడు చట్టం వైపు చూడవలసి వస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి బలాత్కారాన్ని నేరంగా నిర్వచిస్తూ, పదేళ్లు దాటిన భార్య విషయంలో భర్తకు మినహాయింపు ఇచ్చింది. 1889లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే బాలిక, ముప్పై అయిదేళ్ల భర్త చర్య వల్ల మరణించింది. పదేళ్లు దాటినందున అతడిపై బలాత్కార నేరం నిలవలేదు. తక్కువ తరగతి నేరం కింద ఏడాది కఠినశిక్ష మాత్రమే పడింది. ఈ ఘటన అనంతరం 1891 చట్టం ఆ వయస్సును పన్నెండుకు పెంచింది. దానిని కుటుంబంలో పరాయి పాలకుల జోక్యంగా బాలగంగాధర తిలక్ ప్రభృతులు వ్యతిరేకించారు.

ఆ తరువాతి చరిత్ర వయస్సుల చరిత్ర. భార్య విషయంలో పరిమితి 1925లో పదమూడుకు, 1949లో పదిహేనుకు పెరిగింది. 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుంచి అమలయిన శారదా చట్టం కనీస వివాహ వయస్సును బాలికకు పద్నాలుగు, బాలుడికి పద్దెనిమిదిగా నిర్ణయించింది. అయినా చట్టాన్ని ఉల్లంఘించి జరిగిన వివాహం చెల్లుబాటుగానే మిగిలింది. 2017లో సుప్రీంకోర్టు తీర్పు భార్య వయస్సు పరిమితిని పద్దెనిమిదికి చేర్చింది. 2024 జులైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత ఆ వయస్సును స్వీకరించి, మినహాయింపును అలాగే ఉంచింది. నూటయాభై ఏళ్లకు పైగా సంఖ్య మారుతూ వచ్చింది. భర్త అన్న హోదాకు నేరవిచారణ నుంచి రక్షణ ఉండాలన్న సూత్రం మారలేదు.

రాజకీయ సంస్కరణ ఈ గడప దగ్గర తడబడిన ప్రతిసారీ వినిపించిన వాదం ఒకటే: కుటుంబం పవిత్రం, అందులో ప్రభుత్వానికి పని లేదు. ఆనందగజపతి కన్యాశుల్క నిషేధానికి మద్రాసు శాసనమండలిలో ప్రతిపాదించిన బిల్లు కూడా చట్టం కాలేదు. చట్టం విఫలమైన చోట నాటకం ప్రవేశించింది. ఇది సాహిత్యానికి గౌరవమే. రాజ్యం చేయవలసిన పనిని రంగస్థలానికి వదిలినందుకు నిదర్శనం కూడా.

స్వామిత్వం

గురజాడ వేసిన ప్రశ్నను చలం (1894–1979) చివరి అంచు దాకా తీసుకువెళ్లాడు. పురుషుడి తప్పుడు నడవడి కాక, స్త్రీపై అతడి స్వామిత్వమే చలం రచనకు వస్తువు. 1927లో వచ్చిన మైదానం నవలలో రాజేశ్వరి ప్లీడరు భర్తను విడిచి అమీర్‌తో వెళుతుంది. నవలను స్వేచ్ఛాప్రణయ కథగా చదివేవారు తరచు విస్మరించే అంశం అమీర్ ప్రవర్తన. వివాహబంధం లేని మైదానంలో కూడా ఆమె గర్భం విషయంలో అతడు నిర్బంధం ప్రయోగిస్తాడు. భర్త ఇల్లు విడిచినంత మాత్రాన స్వామిత్వం పోలేదు, అది ప్రియుడి రూపంలో వెంట వచ్చింది. దుష్టుడైన భర్తకు ప్రతిగా ఉత్తముడైన పురుషుణ్ణి నిలబెట్టే సంస్కరణ కథారీతిని ఇది భగ్నం చేసింది. రక్షకుడు మారితే చాలదని, రక్షణ అన్న సంబంధమే ప్రశ్నార్హమని దీని తాత్పర్యం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగు సంస్కరణ సాహిత్యం పురుషుణ్ణి ఒకే విధంగా చూడలేదు. వీరేశలింగం దగ్గర తీర్పరిగా ఉన్న విద్యావంతుడు గురజాడ దగ్గర ముద్దాయి అయ్యాడు, చలం దగ్గర అతడి అధికారానికి మూలమే విచారణకు వచ్చింది. రెండవది, పురుషుడి మార్పుకు కావలసిన శ్రమను రాజ్యలక్ష్మమ్మ నుంచి కమలిని వరకు, మధురవాణి నుంచి ధనత్రయోదశిలోని భార్య వరకు స్త్రీలే మోశారు. మూడవది, సాహిత్యం గడప దాటి లోపలికి చూసినంత దూరం చట్టం చూడలేదు.

హింసను వ్యతిరేకించే బాధ్యత పురుషుడిది అన్న మాట నేడు తరచు వినిపిస్తున్నది. తెలుగు సాహిత్యం ఆ మాటకు నూరేళ్ల కిందటే ఒక కొలమానం ఇచ్చింది. ఉపన్యాసం, రక్షణ, వ్రతం ఈ మూడూ బాధ్యతకు పర్యాయపదాలు కావు. స్త్రీ ఉత్తరం రాయకముందే, బావిలో దూకకముందే, తోటి పురుషుడి ఎదుట నోరు విప్పడం బాధ్యత. కన్యాశుల్కంలో లుబ్ధావధానుల వివాహానికి తాంబూలం పుచ్చుకున్న ప్రతి పెద్దమనిషికీ ఆ అవకాశం ఉంది. వారిలో ఎక్కువమంది దానిని వినియోగించుకోలేదు. తరగతి గదిలో ఈ నాటకాన్ని బోధించేటప్పుడు మధురవాణి చాతుర్యంతో, గిరీశం మాటకారితనంతో పాటు మౌనంగా కూర్చున్న ఆ పెద్దమనుషులను కూడా పాత్రలుగా గుర్తించినప్పుడే సంస్కరణ చరిత్ర సంపూర్ణమవుతుంది.